మందు లేని సూది: అమ్మ మెడనొప్పికి డ్రై నీడ్లింగ్ చేయించవచ్చా?

కాశీబుగ్గ ఆడపడుచు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మకు యాభై నాలుగేళ్ళు. పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారంలో పప్పు మీది పొట్టు తీసే పనికి ఇరవై రెండేళ్ళుగా వెళుతోంది. ఉదయం ఎనిమిదింటికి చిన్న పీట వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, మెడ వంచుకుని కూర్చుందంటే మళ్ళీ మధ్యాహ్నం అన్నం వేళకు గాని తల ఎత్తదు. గుండు విరిగి బద్ద అయితే మేస్త్రీ చేత మాట పడాలి; కూలి కిలోల లెక్క కాబట్టి చెయ్యి ఆగితే డబ్బు ఆగుతుంది.

ఎనిమిది నెలలుగా ఆమెకు కుడివైపు, మెడకూ భుజానికీ మధ్య ఉన్న కండలో నొప్పి. ఒక చోట వేలు పెట్టి తడిమితే చింతగింజంత గట్టిగా ఏదో తగులుతుంది. అక్కడ నొక్కితే నొప్పి అక్కడే ఉండకుండా మెడ పక్కగా పైకి పాకి, చెవి వెనక నుంచి కణత దాకా వస్తుందని అమ్మ చెబుతుంది. నరం పట్టేసిందని ఇరుగుపొరుగు అన్నారు. అమృతాంజనం, ఇసక కాపడం, ఆముదంతో మర్దన, అన్నీ అయ్యాయి. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు వేసిన సూదిమందుకు రెండు రోజులు తగ్గి మూడో రోజు మళ్ళీ మొదలైంది. నొప్పుల బిళ్ళలు మాత్రం అమ్మ ముట్టనంటోంది. కవిటిలో ఉన్న మా పెద్దమ్మకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఆ మంచం పక్కన కూర్చుని వచ్చిన మనిషికి బిళ్ళ మింగమని చెప్పడానికి నాకూ నోరు రావడం లేదు.

కిందటి వారం శ్రీకాకుళంలో ఒక ఫిజియోథెరపిస్టుకు చూపించాను. ఆయన చేతితో తడిమి చూసి, ఇది కండరంలో ఏర్పడిన ముడి అనీ, డ్రై నీడ్లింగ్ అనే పద్ధతిలో సన్నని సూదిని ఆ ముడిలోకి గుచ్చి సడలించవచ్చుననీ, నాలుగైదు విడతలు పట్టవచ్చుననీ, విడతకు ఐదు వందలు అవుతుందనీ చెప్పారు. సూదిలో మందేమీ ఉండదట. అమ్మ అక్కడేమీ అనలేదు గాని బస్సెక్కాక అడిగింది: “మందు నేని సూదికి డబ్బులెందుకే?”

నేను విజయనగరంలో ఒక కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని, ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మందు లేకుండా సూది నొప్పిని ఎలా తగ్గిస్తుంది? ఇందులో ప్రమాదం ఎంత? అమ్మ వంటి మనిషికి చేయించడం మంచిదేనా? చేయించుకున్నవారు గాని, ఈ విద్య తెలిసినవారు గాని వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సిక్కోలు ఫిజియో:

నమస్కారం మేడమ్. నేను మీ అమ్మగారిని చూసిన వ్యక్తిని కాదు, అదే వృత్తిలో ఉన్న మరొకరిని. అందువల్ల ఆమె విషయంలో ఖాయంగా చెప్పలేను, పద్ధతిని గురించి చెబుతాను.

అమ్మగారి ప్రశ్న మా వృత్తిలో రోజూ వినేదే. మన జిల్లాలో సూది అంటే మందే. సూది వేయించుకోకపోతే వైద్యం జరిగినట్టు కాదు అనుకునే చోట, ఖాళీ సూదిని చూసి మోసమేమో అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అసలు డ్రై, అంటే పొడి అన్న మాట వచ్చిందే ఆ తేడాను చెప్పడానికి. 1940ల నుంచి అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే వైద్యురాలు కండరాల్లోని ఇటువంటి ముడుల్లోకి మత్తుమందు ఎక్కించి నొప్పి తగ్గించేవారు. తరువాత అధ్యక్షుడు కెనెడీకి శ్వేతసౌధంలో వైద్యురాలిగా పనిచేసింది ఈమే. ఆ ముడులకు ట్రిగ్గర్ పాయింట్లు అన్న పేరును వాడుకలోకి తెచ్చిందీ, ఒక్కో కండరంలోని ముడి నొప్పిని ఏ దారిన ఎక్కడికి పంపుతుందో బొమ్మలు గీయించిందీ ఆమే. తోడుగా డేవిడ్ సైమన్స్ అనే వైద్యుడు పనిచేశారు. 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్, తగ్గిస్తున్నది మందు కాదు, సూదేనేమో అన్న అనుమానంతో, 241 మంది రోగుల్లో 312 నొప్పి చోట్ల మందు లేకుండా సూది గుచ్చిన ఫలితాలను ప్రచురించారు. సుమారు 87 శాతం చోట్ల అప్పటికప్పుడే నొప్పి తగ్గిందని ఆయన రాశారు. ఖాళీ సూదికి గౌరవం వచ్చింది అప్పటి నుంచే.

మీరు చెప్పిన లక్షణాలు, అంటే మెడకూ భుజానికీ నడుమ గట్టిగా తగలడం, నొక్కితే చెవి వెనక నుంచి కణతకు పాకడం, ట్రపీజియస్ అనే కండరం పై భాగంలోని ముడికి చాలా దగ్గరగా ఉన్నాయి. గంటల తరబడి మెడ వంచి, చేతులు గాలిలో ఉంచి, వేళ్ళతో సన్నపని చేసేవారిలో ఈ కండరం విశ్రాంతి ఎరగదు. బరువు ఎత్తకపోయినా, భుజాన్ని నిలబెట్టి ఉంచే పని దానిదే. ఆ ముడిలో ఏం జరుగుతుందన్న దానికి ఎక్కువమంది చెప్పుకునే వివరణ ఇది: నరం కండరాన్ని కలిసే చోట అసిటైల్ కోలిన్ అనే రసాయనం అవసరానికి మించి విడుదలై, కొన్ని పోగులు ముడుచుకుని అలాగే ఉండిపోతాయి, ముడుచుకున్న చోట రక్తనాళాలు నొక్కుకుని ప్రాణవాయువు తగ్గుతుంది, నొప్పిని రేపే రసాయనాలు అక్కడే పోగుపడతాయి. 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు వెంట్రుకంత సూదితో ట్రపీజియస్ కండరంలోంచి ద్రవం తీసి పరీక్షిస్తే, నొప్పి పెట్టే ముడిలో బ్రాడీకైనిన్, సబ్‌స్టెన్స్ పి వంటి రసాయనాలు మామూలు కండరంలో కంటె ఎక్కువగా కనిపించాయి. సూది సరిగ్గా ఆ పోగుల్లోకి దిగినప్పుడు కండరం ఒక్కసారి తనంత తాను అదురుతుంది. ఆ అదురుతో ముడుచుకున్న పోగులు సడలి, రక్తం ఆడి, వెన్నుపాములో నొప్పి సంకేతాల జోరు కూడా తగ్గుతుందని భావిస్తున్నారు. భావిస్తున్నారు అన్న మాటను కావాలనే వాడాను, ఇందులో వివాదం ఉంది.

ఇక సూది సంగతి. ఆర్.ఎం.పి. గారి ఇంజెక్షన్ సూది లోపల బోలుగా, అర మిల్లీమీటరుకు పైగా లావుగా, కొన కత్తిలా ఏటవాలుగా ఉంటుంది. మేము వాడేది బోలు లేని తీగ, లావు 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఉంచి పైన వేలితో టక్కున కొడితే చర్మం దాటుతుంది. చర్మం దగ్గర నొప్పి దాదాపు తెలియదు. ముడిని తాకినప్పుడు మాత్రం లోపల పిండినట్టు ఒక పోటు వస్తుంది, ఆ పోటు తరచుగా రోగికి తెలిసిన నొప్పే అయి ఉంటుంది. “అదే, అదే నా నొప్పి!” అని బల్ల మీద పడుకున్నవారు అరిచారంటే చోటు దొరికిందని మాకు గుర్తు.

ఎవరికి చేయకూడదో కూడా చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడేవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, సూది చూస్తేనే కళ్ళు తిరిగేవారికి సాధారణంగా చేయము. గర్భిణుల విషయంలో వైద్యుల మాట తీసుకుని ఆలోచిస్తాము. పుండు, దద్దురు, ఒరిపిడి ఉన్న చర్మం మీద గుచ్చకూడదు. ఇది మీ ఊరికి ప్రత్యేకంగా పట్టే విషయం. అమ్మగారు పొట్టు తీసే పనిలో ఉన్నారు గనుక సరే గాని, జీడిపిక్కలు కొట్టేవారి చేతులకు జీడిరసం తగిలి చర్మం కాలి, పొక్కి ఉంటుంది. నూనె రాసుకున్నా, బూడిద పూసుకున్నా పూర్తిగా ఆగదు. అటువంటి చేతికి సూది పెట్టమని ఎవరైనా అడిగినా మేము పెట్టము.

విజయనగరం ఫిడేలు మాస్టారు:

అమ్మాయీ, నేను చేయించుకున్నవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు ఫిడేలు పాఠాలు చెప్పాను, ఇప్పటికీ చెబుతున్నాను. మన పద్ధతిలో నేల మీద కూర్చుని, వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి, అడుగుభాగాన్ని ఎడమ భుజానికి ఆనించి వాయిస్తాము. చూసేవారికి హాయిగా కూర్చున్నట్టే ఉంటుంది గాని, ఆ భంగిమను రోజుకు ఆరు గంటలు నిలిపితే ఎడమ రెక్క ఎముక దగ్గర నిప్పు పెట్టినట్టు ఉంటుంది. నాకు ఆ నొప్పి మొదలై రెండేళ్ళయ్యాక ఈ సూదుల దగ్గరికి వెళ్ళాను.

మొదటి సూదికి ఏమీ తెలియలేదు. రెండో సూదికి, కుడి కన్ను అదిరినట్టుగా, కండ అదిరింది. నేను కదిలించలేదు, ఆపడమూ నా చేతిలో లేదు. మూడుసార్లు అలా కొట్టుకుని ఆగింది. ఆ సాయంత్రం చెయ్యి బరువెక్కి, మర్నాడంతా ఎవరో గుద్దినట్టు సలిపింది. దీనికి భయపడి మానేసేవారు ఉన్నారట. ఒకటి రెండు రోజులు అలా ఉండడం మామూలేనని నాకు ముందే చెప్పారు గనుక ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున మెడ రెండు వైపులా తిరిగింది. తంబురా శ్రుతి కుదిరినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉందంటే సంగీతం వాళ్ళ అతిశయోక్తి అనుకుంటారు గాని, రెండేళ్ళ తరువాత అనుభవించినవాడికి ఆ పోలికే తోచింది.

నాలుగో వారానికి నొప్పి తిరిగి వచ్చింది. ఎందుకు రాదు? నేను మళ్ళీ రోజుకు ఐదు పాఠాలు వరుసగా చెప్పడం మొదలుపెట్టాను. ఫిజియో గారు నేర్పిన భుజాల వ్యాయామాన్ని “రేపటి నుంచి” అని వాయిదా వేశాను. రెండో దఫా వెళ్ళినప్పుడు ఆయన సూది తీయకుండా, ముందు వ్యాయామం చేసి చూపించమన్నారు. నాకు రాలేదు. విద్యార్థి పాఠం వల్లించకుండా వస్తే నేను ఏమంటానో ఆయన నన్ను అదే అన్నారు. ఇప్పుడు పాఠానికీ పాఠానికీ మధ్య పది నిమిషాలు లేచి తిరుగుతున్నాను. రెక్కలను వెనక్కి దగ్గరగా లాగి పట్టుకునే వ్యాయామం పొద్దున, సాయంత్రం చేస్తున్నాను. ఏడాదిగా సూది అవసరం రాలేదు.

మీ అమ్మగారికి కండ అదిరిందో లేదో తరువాత రాయండి. అందరికీ అదరదని విన్నాను.

బొబ్బిలి పాఠకుడు:

ప్రమాదం ఎంత అని అడిగారు గనుక మా ఇంట్లో జరిగినది చెబుతున్నాను. చేసినవారి పేరు, చోటు నాకు అక్కర్లేదు, మీకూ అక్కర్లేదు. మా తమ్ముడు సన్నని మనిషి. భుజం నొప్పికని ఒక ఉచిత శిబిరంలో ఇటువంటి సూదులు వేయించుకున్నాడు. వేసిన వ్యక్తి రెండు రోజుల శిక్షణ పొందాడని మాకు తరువాత తెలిసింది. మధ్యాహ్నం సూదులు వేశారు, సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు. రాత్రి అన్నం దగ్గర పొడి దగ్గు మొదలై, మెట్లెక్కితే ఊపిరి అందక, కుడి ఛాతీలో గుచ్చినట్టు ఉందన్నాడు. గ్యాస్ అనుకుని సోడా తాగించాము. పొద్దున్నే విజయనగరం తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, అది కొంత ముడుచుకుపోయిందన్నారు. గొట్టం వేయవలసిన అవసరం రాలేదు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ప్రాణవాయువు పెట్టి పంపించారు.

చేయించుకోవద్దని నేను అనడం లేదు. ఆ రాత్రి సోడా తాగించకుండా ఉండవలసింది అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

సిక్కోలు ఫిజియో:

బొబ్బిలి వారు రాసినది ఈ చికిత్సలో మేము అన్నిటికంటె ఎక్కువగా భయపడే విషయం. అరుదు, కాని నిజం. ఊపిరితిత్తి పై కొన జత్రుక (కాలర్ బోన్) కంటె రెండు మూడు సెంటీమీటర్లు పైకి ఉంటుందన్నది శరీర నిర్మాణం చదివిన ప్రతివారికీ తెలుసు, గుచ్చేటప్పుడు గుర్తుండాలి. ట్రపీజియస్ పై భాగానికి సూది వేసేటప్పుడు కండరాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య చపాతీ పిండి పట్టినట్టు పైకి ఎత్తి పట్టుకుని, సూది మన వేలి వైపు వచ్చేలా గుచ్చాలి, ఛాతీ వైపు దించకూడదు. సన్నగా ఉన్నవారిలో కండ మందం తక్కువ కాబట్టి జాగ్రత్త మరింత అవసరం. చికిత్స తరువాత ఊపిరి అందకపోవడం, ఛాతీలో పోటు, పొడి దగ్గు, వీటిలో ఏది వచ్చినా, ఎన్ని గంటల తరువాత వచ్చినా, తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకున్నామని ముందుగా చెప్పాలి. కమిలిన మచ్చ, చుక్క రక్తం, ఒకటి రెండు రోజుల సలుపు మామూలువి.

మేడమ్, మీరు వెళ్ళే చోట నాలుగు విషయాలు మొహమాటం లేకుండా అడగండి. ఫిజియోథెరపీ డిగ్రీ ఉందా, ఆ తరువాత ఈ పద్ధతిలో విడిగా శిక్షణ పొందారా, ఏ కండరాల మీద ఎంతకాలంగా చేస్తున్నారు, సూదులు మీ ఎదుటే సీలు విప్పి ఒక్కసారి వాడి పారేస్తారా? మన దేశంలో 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి ఫిజియోథెరపీ కూడా వచ్చింది. అయినా గోడ మీది పట్టా చూసి ఆగకుండా మీ అంతట మీరు అడగడమే క్షేమం. అడిగినందుకు కోపగించుకునే మనిషి చేతిలో సూది ఉండకపోవడమే మంచిది.

టెక్కలి సందేహి:

ఇదంతా ఆక్యుపంక్చరే కదా? వేల ఏళ్ళ నాటి చైనా విద్యకు కొత్త పేరు పెట్టి, ట్రిగ్గర్ పాయింట్ అనే బోర్డు తగిలించి అమ్ముతున్నారని నా అభిప్రాయం.

సిక్కోలు ఫిజియో:

సూది అదే, కాదనను. ఆలోచన వేరు. ఆక్యుపంక్చర్‌లో శరీరంలోని నాడీమార్గాల వెంట ముందే నిర్ణయించిన చోట్లు ఉంటాయి, నొప్పి భుజంలో ఉన్నా సూది చేతి మణికట్టు దగ్గర పడవచ్చు. మేము చేతితో వెతికి నొప్పి పెట్టే కండరంలోనే గుచ్చుతాము, చాలాసార్లు నిమిషాల్లో తీసేస్తాము. రెండింటికీ కొన్ని చోట్లు కలుస్తాయన్న వాదన చాలాకాలంగా ఉంది. కెనడాలో చాన్ గన్ అనే వైద్యుడు 1970ల నుంచి ఈ రెంటి నడుమ వారధి కట్టినట్టు తన సొంత పద్ధతిని పెంచారు. కాబట్టి మీ అనుమానం కొత్తది కాదు, పూర్తిగా తప్పూ కాదు.

విశ్రాంత ప్రభుత్వ వైద్యుడు:

అమ్మా, నేను సోంపేట, పలాస ప్రాంతాల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. మీ ప్రశ్నలో అందరూ సూదిని చూశారు, నాకు కనిపించింది బిళ్ళ.

మీ అమ్మగారి భయం మూఢనమ్మకం కాదు. మీ పెద్దమ్మగారి కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇంతమందిని ఎందుకు పట్టిందో ఇప్పటికీ కారణం తేలలేదు. నీరా, వేడిలో పనా, మరొకటా అన్న వెతుకులాట ఏళ్ళుగా సాగుతూనే ఉంది, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది కూడా. కారణం ఏదైనా, ఇప్పటికే బలహీనపడిన కిడ్నీకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు చేటు చేస్తాయన్న విషయంలో సందేహం లేదు. శరీరంలో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం సరిగ్గా పారేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను ఈ మాత్రలు అడ్డుకుంటాయి. ఎండలో కూలికి వెళ్ళి, నీళ్ళు తాగక, సాయంత్రం ఒళ్ళు నొప్పులకు దుకాణంలో రంగురంగుల బిళ్ళలు పొట్లం కట్టించుకుని మింగే అలవాటును నేను కళ్ళారా చూశాను. ఇంకో మాట కూడా వినండి. ఆర్.ఎం.పి. గారు వేసిన ఆ సూదిమందు చాలావరకు డైక్లోఫెనాకే అయి ఉంటుంది. బిళ్ళ ముట్టనన్న మీ అమ్మగారు అదే మందును సూది రూపంలో తీసుకుని ఉండవచ్చు. ఏం వేశారో అడిగి కనుక్కోండి.

కాబట్టి మొదట చేయవలసినది సూది కాదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ (ఈ రెండూ కిడ్నీ స్థితిని చెప్పేవి), రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించండి. దగ్గరి బంధువుకు జబ్బు ఉంది, ఊరు ఉద్దానం అంచు, వయసు యాభై దాటింది. ఈ మూడూ చాలు. చక్కెర ఎందుకంటే, మధుమేహం ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. అమ్మగారు చెయ్యి ఎత్తి జడ వేసుకోగలుగుతున్నారా, వెనక్కి పెట్టి రవిక సవరించుకోగలుగుతున్నారా, ఒకసారి చూడండి. అలా చేయలేకపోతే అది కండ ముడి కాకుండా కీలు జబ్బు కావచ్చు, దానికి దారి వేరు. చేతి వేళ్ళ దాకా తిమ్మిరి, పట్టు తప్పి వస్తువులు జారిపోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, నడిస్తే ఛాతీలోనూ చేతిలోనూ నొప్పి రావడం, ఇవి ఉంటే ఫిజియో దగ్గరికి కాదు, వైద్యుడి దగ్గరికి.

ఇక డ్రై నీడ్లింగ్. ఫిజియో మిత్రుడు లెవిట్ లెక్క చెప్పారు. ఆ 241 మందికి ఎదురుగా, సూది గుచ్చినట్టు నటించి గుచ్చని మరో గుంపు లేదన్న మాట కూడా చెప్పి ఉండవలసింది. అటువంటి నకిలీ సూదితో పోల్చి చేసిన తరువాతి పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే, మెడ, భుజాల కండరాల నొప్పి మొదటి కొన్ని వారాల్లో ఎంతో కొంత తగ్గుతుందనే వస్తోంది గాని, ఆ సాక్ష్యం నాణ్యత తక్కువ నుంచి ఒక మోస్తరు వరకే. నెలల తరువాత చూస్తే వ్యాయామం, చేతి చికిత్స వంటి వాటి కంటె ఇది మెరుగని తేలలేదు. అంతే కాదు, ముడి ఇదిగో ఇక్కడే ఉందని ఇద్దరు నిపుణులు విడివిడిగా తడిమి ఒకే చోట వేలు పెట్టడం అనుకున్నంత సులువు కాదని పరీక్షల్లో తేలింది. ముడి సిద్ధాంతమే తప్పనే పండితులు కూడా ఉన్నారు. నేను అంత దూరం వెళ్ళను. తగ్గితే తగ్గించుకోవచ్చు, కిడ్నీకి హాని లేనిది గనుక మీ అమ్మగారి వంటి మనిషికి ప్రయత్నించదగినదే. మూడు విడతల్లో స్పష్టమైన తేడా లేకపోతే మాత్రం నాలుగో విడతకు డబ్బు పెట్టవద్దు. సూది నొప్పిని తగ్గించి ఉంచే ఆ కొన్ని వారాల్లో ఆమె మెడ, రెక్క కండరాలకు వ్యాయామం అలవాటు కావాలి. ఫిడేలు మాస్టారు తన కథలో ఒప్పుకున్నది అదే.

మధ్యలో నొప్పి భరించలేకపోతే, పరీక్షలు చూసిన వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడవచ్చు, నొప్పి మాత్రల్లో కిడ్నీకి అది మేలైనది. మీ పెద్దమ్మగారికి కూడా ఎప్పుడైనా ఎవరైనా ఈ సూదులు వేస్తామంటే ఒప్పుకోకండి. డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేసిన చేతికి డయాలసిస్ సూది తప్ప మరే సూదీ తగలకూడదు, పైగా డయాలసిస్ రోజున రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు.

కాశీబుగ్గ ఆడపడుచు:

ఐదు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

డాక్టరు గారి మాట ప్రకారం ముందు పరీక్షలు చేయించాము. క్రియాటినిన్ 0.9, మూత్రంలో ఆల్బుమిన్ లేదు, చక్కెర హద్దులోనే ఉంది. ఆ కాగితం చేతికి వచ్చేదాకా అమ్మ భుజం నొప్పి సంగతే ఎత్తలేదు. ఇన్ని నెలలుగా ఆమెను ఏది తినేస్తోందో నాకు అప్పుడు తెలిసింది. ఆర్.ఎం.పి. గారిని అడిగితే అది డైక్లోఫెనాకేనని ఆయనే ఒప్పుకున్నారు, ఇకపై మా ఇంట్లో వేయనని కూడా అన్నారు.

శ్రీకాకుళం వెళ్ళి ఫిజియో గారిని ఆ నాలుగు ప్రశ్నలూ అడిగాను. ఆయన నవ్వి, డిగ్రీ, శిక్షణ పత్రాలు తీసి చూపించారు, సీలు అమ్మ ఎదుటే విప్పారు. అమ్మను బోర్లా పడుకోబెట్టి కండను రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నారు. బొబ్బిలి వారు రాసినది చదివి ఉన్నాను గనుక నేను ఊపిరి బిగబట్టి ఆ వేళ్ళనే చూస్తున్నాను. మాస్టారూ, అదిరింది. చీర కొంగు కింద కండ చేపపిల్లలా ఎగిరి పడడం నాకు కనిపించింది. అమ్మ “ఓలమ్మా” అని ఒక్క కేక పెట్టి, తరువాత పది నిమిషాలూ మాట్లాడలేదు. బయటికి వచ్చాక నా చెవిలో అడిగింది: “సూదిలో మందెయ్యడం మరిసిపోనాడేటే ఆ బాబు?”

రెండు రోజులు సలిపింది, పనికి వెళ్ళలేదు, ఆ కూలి పోయిందని నన్నే తిట్టింది. నాలుగో రోజు నుంచి కణత దాకా పాకే నొప్పి లేదు. ఇప్పటికి మూడు విడతలయ్యాయి. నొప్పి సగానికి పైగా తగ్గిందని అమ్మ లెక్క. పూర్తిగా పోలేదు, పని ఎక్కువైన రోజు సాయంత్రం మళ్ళీ పట్టేస్తోంది. నాలుగో విడత వద్దనుకున్నాము.

గడ్డం లోపలికి లాగే వ్యాయామం, రెక్కలు దగ్గరికి తెచ్చే వ్యాయామం అన్నం వేళకు ముందు పది, తరువాత పది చేస్తోంది. వడ్రంగి చేత జానెడు ఎత్తు పీట ఒకటి, పళ్ళెం పెట్టుకోవడానికి నాలుగు కాళ్ళ బల్ల ఒకటి చేయించాను. రెండూ కలిపి ఒక విడత సూదికయ్యే ఖర్చు కంటె కొంచెం ఎక్కువ అయ్యాయి. పళ్ళెం పైకి రావడంతో మెడ అంతగా వంగడం లేదు. మొదట మేస్త్రీ వరుసలో చోటు ఎక్కువ పడుతోందని గొణిగాడు. అమ్మ పక్కన కూర్చునే ఇద్దరు పిన్నులు ఆ వడ్రంగి ఇల్లు ఎక్కడో నన్ను అడిగారు.